ఒక మందకు ఒకే గొంతు

గుండ్లవాగు అడవిలో చుక్కల దుప్పుల మంద ఒకటి ఉండేది. ఒక పక్క రాళ్ళగుట్ట, మరో పక్క వెదురుపొద, రెంటి నడుమ పచ్చని గడ్డి. ఆ గడ్డి మీద దుప్పులకు ఎంత ఆశో, దుప్పుల మీద చిరుతపులికి అంత ఆశ. అందుకే ఉద్దండుడు, సుమేధ అనే రెండు కొండముచ్చులు చెట్లెక్కి మందకు కాపలా కాసేవి.

ఆ కాపలాకు పెద్దల నాటి కట్టుబాటు ఉంది. తెల్లవారగానే ముందుగా చెట్టెక్కి "హుప్" అన్నదే ఆ రోజుకు మొదటి కాపరి. వెనక వచ్చినది ఎదుటి చెట్టెక్కి, మొదటి కాపరి చూసినదంతా అడిగి తెలుసుకుని, నోరు మూసుకుని చూస్తూ ఉండాలి. ఇద్దరూ ఒకేసారి కూస్తే, ఆ రెండు చెట్లలో మద్దిచెట్టు మీద ఉన్నదే మొదటిది, వాదనలు లేవు. మొదటి కాపరి ఉండుండి కూస్తూనే ఉండాలి. ఆ కూత ఆగిందా, రెండోది వెంటనే అందుకోవాలి.

ఎవరు మొదటో, ఎవరు రెండో చిత్రాంగి అనే దుప్పికి పట్టదు. దానికి కొత్తగా పుట్టిన కూన ఉంది. ఆ కూనకు ఇంకా కాళ్ళు తడబడుతున్నాయి. చిరుత వస్తే అటూ ఇటూ పరుగులు పెట్టే సత్తువ కూనకు లేదు. ఒక్కసారి ఎటు నడిపిస్తే అటే.

ఆ ఉదయం ఉద్దండుడు ముందుగా వచ్చి కూశాడు. వెనకే వచ్చిన సుమేధను చూసి, "మొదటి కాపరి అంటే నేను! రెండో కాపరి అంటే కొమ్మకు ఉత్త బరువు!" అని వెక్కిరించాడు.

"సరేలే అన్నా. చిరుత ఎక్కడుంది?" అంది సుమేధ.

"గుట్ట మీద పడుకుంది. తెలుసుకుని నువ్వేం చేస్తావులే!"

సుమేధ నొచ్చుకోలేదు. తనూ గుట్ట మీదే చూపు నిలిపింది.

పొద్దెక్కాక ఉద్దండుడికి తేనెపట్టు కనబడింది. చెయ్యి పెట్టాడు. ఇంకేముంది, తేనెటీగలు జుమ్మని లేచాయి. కాపరిగారు బతుకు జీవుడా అంటూ పోయి వాగులో దూకారు. కూత ఆగింది. చిత్రాంగి కూనకు అడ్డంగా నిలబడింది. అంతలోనే ఎదుటి చెట్టు మీద నుంచి సుమేధ "హుప్" అంది. మేస్తున్న మంద తలైనా ఎత్తలేదు.

కాసేపటికి చిరుత గుట్ట దిగి, నక్కి నక్కి వెదురుపొదలో దూరింది. సుమేధ కళ్ళు దాన్ని వదలలేదు.

"వెదురుపొదలో చిరుత! గుట్ట వైపు పదండి!" అని అరిచింది.

చిత్రాంగి కూనను లేపింది. సరిగ్గా అప్పుడే ఉద్దండుడు తడి ఒంటితో తిరిగి వచ్చాడు. కాపలా ఎవరిదని అడగలేదు. ఏం మారిందని అడగలేదు. చెట్టెక్కి, "మొదటి కాపరిని నేను! చిరుత గుట్ట మీదుంది! వెదురుపొద వైపు పరుగెత్తండి!" అని గొంతు చించుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు మరి.

మంద బెదిరిపోయింది. కొన్ని దుప్పులు అటు తిరిగాయి, కొన్ని ఇటు. చిత్రాంగికి చచ్చేంత భయం వేసింది. అయినా మతి పోగొట్టుకోలేదు. 'ఒక గొంతు మధ్యలో ఆగిపోయింది. ఒకటి ఆగకుండా కూస్తోంది. ఇంతసేపూ చిరుతను చూస్తున్నది ఎవరు?' అనుకుంది. కూనను మూతితో నెట్టుకుంటూ గుట్ట వైపు నడిచింది. దాన్ని చూసి మంద అంతా కదిలింది.

ఉద్దండుడికి ఒళ్ళు మండింది. "పిరికిపందల్లారా! ఇక్కడేముందో చూడండి!" అంటూ వెదురుపొద ముందుకు దూకాడు.

అక్కడ చిరుత ఉంది. పంజా విసిరింది. ఉద్దండుడు ఎలాగో చెట్టెక్కాడు గానీ, సగం తోక చిరుతకే వదులుకోవాల్సి వచ్చింది. మాటు బయటపడిపోయిందని చిరుత విసుగ్గా వెళ్ళిపోయింది.

"పొద్దున ముందు వచ్చింది నేను కాదా? నా చోటు నాది కాదా?" అని ఉద్దండుడు మూలిగాడు.

"ఇంకాస్తయితే నా బిడ్డ పోయేది!" అంది చిత్రాంగి కోపంగా. "నువ్వు లేనప్పుడు ఎవరు కాస్తున్నారో, ఏం చూశారో ఒక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది?"

ఉద్దండుడు తల దించుకున్నాడు. సుమేధ ఉన్న చెట్టు వైపు తిరిగాడు.

"సుమేధా, చిరుత ఇప్పుడెటు పోయింది? చెప్పు, నేనూ అటే చూస్తాను."

"వాగు దాటింది అన్నా," అంది సుమేధ.

గుట్ట కింద నీడలో కూన తల్లి పొట్ట కింద దూరి, పాలు తాగడం మొదలుపెట్టింది.

నీతి: పని మధ్యలో వదిలి తిరిగి వచ్చినవాడు, జరిగిన సంగతి అడిగాకే తన చోటు అడగాలి.