అయిదు సైన్యాల వీరతిలకం

పొరుగు రాజు తనకంటే రెండంగుళాలు పొడుగు మీసం పెంచాడని తెలియగానే కోనగిరి మహారాజు విజయకేతనుడికి అన్నం సయించలేదు. రాజ్యానికి ఇంతకన్నా పెద్ద ఆపద ఏముంటుంది? వెంటనే దండయాత్ర అన్నాడు.

ఆ రోజే నాలుగు సైన్యాలు బయలుదేరాల్సి ఉంది. ఉత్తరాన కనుమ కాయడానికి ఒకటి, దక్షిణాన దొంగల్ని పట్టడానికి ఒకటి, పంటల మీద పడే ఏనుగుల్ని తోలడానికి ఒకటి, రేవు కాపలాకు ఇంకొకటి.

"అయిదోదానికి మనుషులున్నారా?" అని అడిగాడు రాజు.

దళవాయి భేరుండప్ప ఛాతీ విరిచాడు. "పదింటికైనా ఉన్నారు మహాప్రభూ! మన సైన్యంలో బలవంతాన పట్టుకొచ్చినవాడు ఒక్కడూ లేడు. అందరూ ఇష్టపడి వచ్చినవాళ్ళే. జనం ఎగబడుతున్నారు!"

ఆ ఎగబడే జనాన్ని ఆయన తప్ప ఎవరూ చూడలేదు. చేరినవాడు మళ్ళీ ఇల్లు చేరడం లేదని తెలిశాక ఊళ్ళలో చేరేవాళ్ళే కరువయ్యారు. ఆ మాట చెబితే పదవి ఊడుతుంది. పాపం, దళవాయి గారి బాధ దళవాయి గారిది.

రాజుకు తాంబూలం అందించే పేరయ్యకు మాత్రం అసలు సంగతి తెలుసు. పొద్దున్నే గంగులు అనే సైనికుడు కోటగుమ్మం దగ్గర అతని ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"మూడేళ్ళయింది బాబూ, ఇంటికెళ్ళి. కూతురు పుట్టిందని విన్నానే గానీ మొహం చూళ్ళేదు. ఈసారి నాలుగు చోట్లకీ మమ్మల్నే తిప్పుతారంట."

ఆ మాటలు మరిచిపోని పేరయ్య ఇప్పుడు తమలపాకులు అందిస్తూ మెల్లగా అన్నాడు.

"ప్రభూ, ఒక్కో సైన్యానికి ఒక్కో రంగు వీరతిలకం పెట్టిస్తే చూడముచ్చటగా ఉంటుంది. అయిదో సైన్యానికి తమరే స్వహస్తాలతో విభూతి పెట్టాలి."

"భేష్!" అన్నాడు రాజు.

కోనగిరిలో ఒక ఆచారం ఉంది. వీరతిలకాన్ని పని ముగించుకుని తిరిగొచ్చేదాకా తుడవకూడదు. తుడిచినవాడు ప్రాణాలతో తిరిగిరాడని నమ్మకం. కత్తికి భయపడనివాడు కూడా దీనికి భయపడతాడు.

దళవాయి కూడా సరేనన్నాడు. ఏనుగుల సాల వెనక, ఒకసారి వెళ్ళినవాళ్ళే మార్చుకుని మళ్ళీ రావడానికి రంగురంగుల తలపాగాలు సిద్ధంగా ఉన్నాయి మరి.

మేళతాళాలతో మొదటి సైన్యం వచ్చింది. చూపు ఆనని ముసలి పురోహితుడు తడుముకుంటూ కుంకుమ పెట్టాడు. రెండో సైన్యానికి పసుపు, మూడోదానికి గంధం, నాలుగోదానికి కాటుక. మేడ మీద నుంచి తలపాగాలు చూసి రాజు మురిసిపోయాడు. దళవాయి ప్రతిసారీ గుర్రమెక్కి ముందు నడిచాడు. వెనక్కి తిరిగి సైనికుల ముఖాలు చూసే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు.

అయిదో సైన్యం వచ్చింది. రాజు విభూతి పళ్ళెం పట్టుకుని కిందికి దిగాడు. ముందు నిలబడ్డవాడు గంగులు. వాడి నుదుటి మీద కుంకుమ, పసుపు, గంధం, కాటుక వరసగా ఉన్నాయి. వెనక ఉన్నవాళ్ళ నుదుళ్ళూ అలాగే ఉన్నాయి.

రాజు బొటనవేలు గాలిలోనే ఆగిపోయింది. "ఏమిట్రా ఇది?"

"ఏడ సోటుంటే ఆడ పెట్టండి ప్రభూ" అన్నాడు గంగులు నీరసంగా.

రాజు కళ్ళెర్రజేసి దళవాయి వైపు తిరిగాడు. "పదింటికైనా ఉన్నారన్నావే?"

పేరయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"ఆయన్ని కోప్పడకండి ప్రభూ. సైన్యం అయిదింటికీ సరిపోయింది. నుదురే చాల్లేదు!"

రాజు ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. కోటంతా నవ్వింది. ఆ నవ్వులో మీసం యుద్ధం కొట్టుకుపోయింది.

"నీకేం కావాలో కోరుకో పేరయ్యా!"

"వీళ్ళు ఒక నెల ఇళ్ళకు వెళ్ళిరావాలి. అంతవరకు కనుమ కాయడానికి మనిషి కావాలి కదా, దళవాయి గారు ఇష్టపడి వెళతారు. ఇక్కడ బలవంతం అన్నదే లేదు. పైగా ఆయన నుదురు చాలా విశాలం."

రాజు పళ్ళెంలోని విభూతి అంతా భేరుండప్ప నుదుటికి పట్టించాడు. తన చేతి కంకణం తీసి పేరయ్యకు తొడిగాడు. ఆ సందడిలో గంగులు ఎవరి సెలవూ అడక్కుండా, నాలుగు బొట్లతోనే ఇంటి దారి పట్టాడు.