చాకలి సుంకులమ్మ అడిగిన మాట

పూర్వం ఒక పట్టణంలో ఎవరికైనా క్షయ అని తెలిస్తే చాలు, ఆ ఇంటిల్లిపాదినీ ఏటి అవతలికి తరిమేసేవారు. అందుకని జనం దగ్గును దిండులోనే కుక్కుకునేవారు. చాకలి సుంకులమ్మ కోడలూ అంతే.

ఒకనాడు పట్టణాధికారి వీరభూపతి సుంకులమ్మను మూటతో సహా కొలువుకు పిలిపించాడు.

"ఊరి బట్టలన్నీ ఉతికేది నువ్వే కదే! నెత్తుటి మరకలు ఏ ఇళ్ల గుడ్డలకున్నాయో చెప్పు. సాయంత్రానికల్లా అందరినీ ఏరు దాటిస్తాను."

సుంకులమ్మకు కోడలు కళ్లలో మెదిలింది. అమ్మవారిని తలుచుకుని చేతులు జోడించింది.

"అలాగే దొరా. కాని మొదటి ఇంటికి ఏది చేస్తారో, చివరి ఇంటిదాకా అదే చేస్తామని నలుగురిలో మాటివ్వండి."

"ఇచ్చాను పో! మేడని, గుడిసెని తేడా చూసేవాణ్ణా నేను?"

ఆమె మూటలోంచి మరకపడ్డ తెల్లచీర ఒకటి తీసి, మరెవరికీ కనబడకుండా ఆయన చేతికిచ్చింది. అంచున జీడిగింజ రసంతో పెట్టిన చాకలి గుర్తు ఆయన ఇంటిదే. చీర ఆయన కన్నతల్లిది.

"ఈ ఇంటివాళ్లను ఏ వేళకు ఏరు దాటించమంటారు దొరా?" అంది మెల్లగా.

వీరభూపతి ఆ చీరను గబగబా మడిచి ఒళ్లో దాచుకున్నాడు.

"వైద్యుణ్ణి పిలవండి," అన్నాడు. "నయమయ్యేదాకా మందూ, పాలూ ఇంటికే పంపండి."

"అన్ని ఇళ్లకూనా, దొరా?"

"అన్ని ఇళ్లకూను!"

ఆమె ఇంకో గుడ్డ చూపాల్సిన పనే లేకపోయింది. తరమరని తెలియగానే, దాచుకున్నవాళ్లంతా తామే వచ్చి వైద్యుడి గుమ్మం ముందు బారులు తీరారు. ఆ బారులో అందరికన్నా ముందు, కోడలి చెయ్యి పట్టుకుని, తల ఎత్తుకుని నిలబడింది సుంకులమ్మ.