ముద్ర లేని కత్తి

అనగనగా ఒక కోటలో ఆయుధాల అంగడి. అక్కడ అమ్మకాలు చూసే చిదంబరానికి తెలియని కత్తీ లేదు, తెలియని చట్టమూ లేదు. ఆ మాట అతనే చెప్పుకునేవాడు.

అడవిపందులు జొన్నచేను పాడుచేస్తున్నాయని సూరమ్మ బల్లెం కొనడానికి వచ్చింది.

"బల్లెం దేనికమ్మా? ఈ కత్తి తీసుకో. దీని తళుకు చూస్తేనే పందులు పరార్!"

"దీనిమీద రాజముద్ర లేదే! కోటవాకిట్లో భటులు పట్టుకోరూ?"

"ముద్ర అక్కర్లేదు. చట్టం మారింది, నాదీ పూచీ."

ముద్ర లేని కత్తితో వాకిలి దాటితే చెయ్యి తీసేస్తారని సూరమ్మ విని ఉంది. ఆమెకున్నవి రెండే చేతులు, కోయాల్సిన చేనేమో కనుచూపు మేర. అయినా నవ్వింది.

"నీ మాట కాదంటానా బాబూ! కాస్త నడుంనొప్పి. కత్తి నువ్వే పట్టుకొచ్చి వాకిలి దాటించు. అవతల రెట్టింపు ధర ఇస్తా."

చిదంబరం కత్తిని గబుక్కున బల్లమీద పెట్టేశాడు.

"అమ్మో! నా చెయ్యి నరికేస్తారు!"

"మరి ఇందాక నా చేతికి పూచీ పడ్డావు కదయ్యా?"

అంగట్లో బేరమాడుతున్నవాళ్లంతా కత్తులు కింద పెట్టి, ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు.