దొరగారి పరుపు మీద బాతుపిల్లలు

వెనకటికి ఓ సంస్థానంలో దొరగారికి బాతుల సరదా పట్టుకుంది. దివాణంలో పనిచేసే నూకాలు, కోడి కింద బాతుగుడ్లు పొదిగించి, పిల్లల్ని ఊక పరిచిన గంపలో పెట్టి, పక్కన కుంపటి రాజేసి సాకుతోంది. తాగడానికి ముక్కు మాత్రమే పట్టే ముంతలో నీళ్లు పెట్టింది.

అది చూసి దొర మండిపడ్డాడు. "బాతులకి ముంతెడు నీళ్లా? నా వెండి పళ్లెం నిండా పోసి గంపలో పెట్టు. దాన్ని కదిపావో, నీ కొలువు ఊడినట్టే!"

"తల్లిబాతు దగ్గరుంటే దాని ఈకల నూనె వీటికి అంటేది దొరా. ఇవి కోడి పొదిగినవి. తడిస్తే వణికి చస్తాయి."

"చేపపిల్లకి ఈత నేర్పాలటే? తడవకుండా చూడటం నీ పని. ఒక్కటి తడిసినా ఊరుకోను!"

నూకాలు నెత్తి కొట్టుకుని పళ్లెం పెట్టింది. పిల్లలు అందులో దూకి ఊకంతా బురద చేశాయి. ఒక్కొక్కదాన్నీ తుడిచి కొత్త ఊక పోసేలోగా మళ్లీ దూకాయి. మధ్యాహ్నానికి ఆమె ఓపిక చచ్చిపోయింది.

సాయంత్రం దొర పడగ్గదిలోకి వెళ్తే పట్టుపరుపు నిండా బాతుపిల్లలే.

"ఏమిటే ఈ అఘాయిత్యం!"

"పళ్లెం కదపొద్దన్నారు, కదపలేదు. పిల్లలు తడవొద్దన్నారు, ఇక్కడైతే తడవవు. పొడిగా, వెచ్చగా ఉన్న చోటు ఇదే కనిపించింది దొరా."

దొర విసురుగా మంచం మీద కూలబడి, అంతలోనే ఉలిక్కిపడి లేచాడు. "పరుపు తడిగా ఉందేమే?"

"అవి నీళ్లు కావు దొరా" అంది నూకాలు. "నీళ్ల సంగతంతా తమరే చెప్పారు. ఊక ఎందుకు వేస్తామో మాత్రం అడగలేదు."