బాన తలుపు తీసే ముందు

నది సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి ఉంది. అక్కడి జంతువులకు మూడేళ్ళుగా ఒకటే పిచ్చి పట్టుకుంది. మబ్బుల పైన ఏముందో చూసి రావాలి. కొంగలను అడిగితే పైన ఇంకా ఆకాశమే ఉందంటాయి తప్ప మరో ముక్క చెప్పవు. ఇక లాభం లేదని అందరూ కలిసి తాటిదూలాలతో ఒక పెద్ద బాన చేశారు. వేడి తగలకుండా దానికి బంకమట్టి మందంగా మెత్తారు. అడుగున జీడిపిక్కల నూనె పోసి అంటించి ఆకాశంలోకి వదిలారు. అందులో ఇద్దరు కూర్చుని వెళ్ళారు. ఒకరు ఉడుత సీతాలు, ఇంకొకరు కుందేలు అప్పన్న. వెళ్ళి నాలుగు రోజులైంది. ఐదో రోజు పొద్దున బాన తిరిగొచ్చి సముద్రంలో పడాలి.

బానను పైకి పంపినవాళ్ళ పేర్లు అడవిలో పాలు తాగే పిల్లలు కూడా చెప్తారు. దాన్ని తిరిగి ఒడ్డుకు తెచ్చేది ఎవరని అడిగితే మాత్రం పెద్దవాళ్ళు కూడా తల గోక్కుంటారు. లోకం తీరే అంత. ఆ తెచ్చే పని తాబేలు నూకాలుది.

నూకాలుకు ఈ పనంటే ప్రాణం, భయం కూడా. రెండేళ్ళ కిందట మొదటి చిన్న బానలో ఎలుక గవరయ్య ఒక్కడే మబ్బుల కింది దాకా వెళ్ళొచ్చాడు. బాన నీళ్ళలో పడగానే సంబరం పట్టలేక అందరూ ఈదుకుంటూ వెళ్ళి చుట్టూ మూగారు. ఆ సంబరంలో నూకాలే గడియ తీసింది. గుమ్మం ఇంకా నీటి మట్టానికి కిందే ఉందని ఎవరూ చూడలేదు. ఒక్క అల లోపలికి వచ్చింది, బాన మునిగిపోయింది. నూకాలు దాని వెంటే మునిగి గవరయ్య తోక పట్టుకుని పైకి లాగింది కాబట్టి బతికాడు. బతికాడు గానీ, ఇప్పటికీ వాన వస్తే కలుగులోంచి బయటికి రాడు. అతన్ని చూసినప్పుడల్లా నూకాలు తనను తాను తిట్టుకుంటుంది.

అందుకే ఈసారి ఆమె పద్ధతులు పెట్టింది. పొగ చల్లారేదాకా గాలి వచ్చే వైపు నుంచే బాన దగ్గరికి వెళ్ళాలి, ఎందుకంటే జీడినూనె పొగ తగిలితే కళ్ళు మండుతాయి, ఒళ్ళు పొక్కుతుంది. ఎండు సొరకాయ బుర్రల దండ బాన చుట్టూ బిగించి, గుమ్మం నీటిపైకి లేచాకే గడియ ముట్టుకోవాలి. లోపలి నుంచి మూడు దెబ్బలు వినబడితే క్షేమం, ఆగకుండా బాదితే ఆపద. బయటికి వచ్చినవాళ్ళను నిలబెట్టకూడదు, నాలుగు రోజులు పని లేక కాళ్ళు నడక మరిచిపోయి ఉంటాయి. నీటికుక్క పోలయ్య, అతని తమ్ముళ్ళు ముగ్గురూ ఖాళీ గంపకు బుర్రలు కడుతూ విప్పుతూ రెండు నెలలు సాధన చేశారు. చివరికి కలలో కూడా ముళ్ళు వేస్తున్నామని నూకాలు దగ్గర మొర పెట్టుకున్నారు.

ఇక్కడ నక్క పరంధామయ్య సంగతి చెప్పాలి. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. దూరప్రయాణం నుంచి వచ్చినవాళ్ళకు ఎవరు తలుపు తీస్తే వాళ్ళకే మొదటి దండ. ఆ ఏడాదంతా సభలో సింహరాజు పక్క పీట కూడా వాళ్ళదే. పరంధామయ్యకు ఆ పీట మీద ఎప్పటినుంచో కన్ను. బాన పైకి వెళ్ళిన మర్నాడే ఆయన ఒక స్వాగత సంఘం పెట్టాడు. అధ్యక్షుడు తానే. సభ్యుడు కాకి. తలుపు తీసే హక్కు సంఘానిదేనని రాజుగారి దగ్గర ముద్ర కూడా వేయించుకొచ్చాడు. నూకాలు వెళ్ళి తన పద్ధతులన్నీ వివరంగా చెప్తే, సగం విని ఆవులించి, తాబేళ్ళు అన్నిటికీ ఆలస్యమేనని నవ్వాడు. రాజుగారి ముద్ర ఉన్నాక ఆమె మాత్రం ఏం చేస్తుంది?

ఐదో రోజు పొద్దెక్కాక తూర్పున ఆకాశంలో ఒక తెల్ల చుక్క కనబడింది. చూస్తుండగానే అది గొడుగంత అయింది. గిజిగాళ్ళు బూరుగు దూదితో నేసిన గొడుగే అది. దాని కింద బాన ఊగుతూ దిగివచ్చి దబ్బున నీళ్ళలో పడింది. ఒక పక్కకు ఒరిగి, మునిగి, మళ్ళీ తేలింది. గట్టు మీద గోల మొదలైంది. నూకాలు తల నీళ్ళలో ముంచి విన్నది. టక్, టక్, టక్. మూడే దెబ్బలు.

"ఇద్దరూ క్షేమంగా ఉన్నార్రా పోలయ్యా. బుర్రలు తీసుకుని గాలి వచ్చే వైపు తిరిగి రండి, కంగారు పడకండి" అని చెప్పి తాను ముందు ఈదింది.

ఆమె వెళ్ళి చూసింది. తలుపు సగం నీళ్ళలోనే ఉంది. బాన చుట్టూ నల్లటి పొగ గట్టు వైపు పాకుతోంది. ఆ పొగలోంచే దగ్గుకుంటూ ఒక అరటిబోదెల తెప్ప వస్తోంది. రెండు బాతులు దాన్ని లాగుతున్నాయి. తెప్ప మీద పరంధామయ్య, చేతిలో బంతిపూల దండ, భుజం మీద కాకి. తెప్ప బానకు ఆనుకుంది. నక్క ముందుకాలు చాచి గడియ మీద వేశాడు.

పోలయ్య వాళ్ళు ఇంకా చాలా దూరంలో ఉన్నారు. ఇప్పుడు గడియ తీస్తే రెండేళ్ళ కిందటి అల మళ్ళీ లోపలికి వస్తుంది. ఈసారి లోపల ఇద్దరున్నారు, పట్టుకుని లాగడానికి నూకాలుకు ఉన్నది ఒక్క నోరే. కేక వేయబోయి ఆగింది. పరంధామయ్య వద్దంటే ఇంకా తొందరపడే రకం. ఆమె నెమ్మదిగా తెప్ప పక్కకు ఈది, రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది.

"తలుపు మీరే తీద్దురు గానండి అయ్యగారూ. నాదొక్క మాట. స్వాగతం పలక్కుండా గడియ తీసేత్తే రేపు జనం ఏమనుకుంటారండి? నక్కగారంటే తలుపులు తీసే నౌకరనుకోరూ?"

నక్క కాలు గడియ మీదే ఆగింది. లోపలి నుంచి మళ్ళీ మూడు దెబ్బలు వినబడ్డాయి.

"నన్ను పిలుస్తున్నారు" అన్నాడు పరంధామయ్య.

"పిలవరేంటండి మరి? మంచి మాట చెవిన పడి నాలుగు రోజులైంది కదా. కాపోతే ఈ పొగలో నిలబడితే మీ గొంతు పాడైపోద్ది. అదుగో, గాలి అటేపు నుంచి వత్తంది. ఓ పది బారలు ఎడంగా ఆ పక్కన నిలబడి మాటాడేరంటే, ప్రతి మాటా లోపలికి ఎల్లిపోద్ది."

పరంధామయ్య గొంతు సవరించుకున్నాడు. నిజంగానే గరగరమంది. అది ఆయనకు నచ్చలేదు.

"ఎంతసేపు మాట్లాడమంటావు?"

"మీలాంటోరికి కొలత పెట్టేదాన్నా నేను?"

నక్క కాలు వెనక్కి తీసుకున్నాడు. బాతులు తెప్పను చుట్టూ తిప్పి, పది బారల దూరాన నిలబెట్టాయి. ఉపన్యాసం మొదలవుతోందని గట్టు మీద చెప్పి రమ్మని ఆయన కాకిని పంపించాడు. తర్వాత ముక్కు ఆకాశానికెత్తి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. నక్క గొంతెత్తిందంటే కళ్ళు మూసుకోవాల్సిందే, అది పుట్టుకతో వచ్చింది.

మొదట వాళ్ళ తాతగారి గురించి చెప్పాడు. ఆయన దానధర్మాలు అయ్యాక మేనమామగారి పాండిత్యం దగ్గరికి వచ్చాడు. ఈలోగా పోలయ్య, తమ్ముళ్ళు చప్పుడు లేకుండా వచ్చి బుర్రల దండ బాన కింది నుంచి తెచ్చి చుట్టూ వేశారు. అలకు రెండుసార్లు ముడి జారింది. నూకాలు జారిన కొస మళ్ళీ అందించింది. పరంధామయ్య తన చిన్నతనంలోకి ప్రవేశించేసరికి ముడి బిగిసింది. బాన అంగుళం అంగుళం లేచింది. ఎదురు చూసీ చూసీ విసుగెత్తిన బాతులు తాళ్ళు విప్పుకుని చేపల వేటకు వెళ్ళిపోయాయి. తెప్ప నది వాలుకు తన దారిన తాను సముద్రం లోపలికి మెల్లగా కదిలింది.

పొగ పూర్తిగా పోయింది. గుమ్మం నీటికి రెండు జానల పైన నిలిచింది. అయినా నూకాలు ఇంకో పది అలలు వెళ్ళనిచ్చింది. ఒక్కటీ గుమ్మాన్ని తాకలేదు. అప్పుడు ఆమె తలుపు మీద మూడు దెబ్బలు కొట్టింది. లోపలి నుంచి మూడు దెబ్బలు బదులు వచ్చాయి.

"గడియ నేను తీయనా అత్తా?" అన్నాడు పోలయ్య, ఆమె కాలు గడియ దాకా వెళ్ళి ఆగడం చూసి.

"వద్దురా. నేనే తీయాలి."

తలుపు తెరుచుకుంది. నీళ్ళు లోపలికి వెళ్ళలేదు. అప్పన్న పాలిపోయిన మొహంతో, చెవులు వేలాడేసి కూర్చుని ఉన్నాడు. సీతాలు బయటి వెలుగుకు కళ్ళు చికిలించింది.

"అత్తా, నా కాళ్ళు ఎక్కడున్నాయో తెలవట్లేదే."

"ఉన్నాయమ్మా, నీ దగ్గరే ఉన్నాయి. లేవకు. మేం ఎత్తుకుంటాం."

నూకాలుకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. నీటికుక్కలు ఇద్దరినీ పడుకోబెట్టినట్టే తుంగచాప మీదికి చేర్చి, ఒడ్డుకు తీసుకువెళ్ళారు. వెనకాలే బానను కూడా తాడు కట్టి లాక్కొచ్చారు. గట్టు మీద ఎవరూ మీద పడకుండా పోలయ్య తమ్ముళ్ళు అడ్డంగా నిలబడ్డారు. జనంలో చివరన, అందరి కాళ్ళ మధ్య నుంచి గవరయ్య తొంగి చూశాడు. అప్పన్న గుక్కెడు నీళ్ళు తాగి, మబ్బుల పైన కూడా ఆకాశమేనని, కొంగలు చెప్పింది నిజమేనని అన్నాడు.

సముద్రంలో పరంధామయ్య చివరి మాటకు వచ్చి, చప్పట్ల కోసం ఆగి, కళ్ళు తెరిచాడు. ఎదురుగా నీళ్ళు. వెనక నీళ్ళు. బాన లేదు, బాతులు లేవు. గట్టు మీద చెట్లు గడ్డిపోచల్లా కనబడుతున్నాయి. నీళ్ళలో ఎవరినీ వదిలేసే అలవాటు నూకాలుకు లేదు కాబట్టి ఆమే పోలయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. తెప్పకు తాడు కట్టించింది. దారి పొడవునా నక్క దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గట్టు దగ్గరపడుతుండగా మనసు ఆగక అడిగాడు.

"నా స్వాగతం వాళ్ళకి వినబడిందా?"

"వినబడిందండి" అంది నూకాలు. "అసలు వాళ్ళిద్దరూ బతికారంటే మీ ఉపన్యాసం వల్లేనండి. మీరు రెండు మాటల్లో ముగించుంటే మా ముడి బిగిసేది కాదు."

పరంధామయ్య పొంగిపోయాడు. ఒడ్డెక్కగానే ఆ మాట అడవంతా తిరిగి తానే చెప్పాడు. విన్నవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు అర్థం కావడానికి మూడు రోజులు పట్టింది.

నీతి: తిరిగొచ్చినవాళ్ళను ముందు క్షేమంగా ఒడ్డు చేర్చాలి, గౌరవం ఎవరిదన్నది ఆ తర్వాత తీరిగ్గా తేల్చుకోవచ్చు.