సేతువ గిన్నెలో బాదంపప్పులు

కోనసీమలో ఒక కొబ్బరితోట. తోట వెనక పశువుల పాక, పాక ముందు చిన్న దొడ్డి. ఆ దొడ్డిలో ఒక ముసలి గేదె, ఒక ఒంటికన్ను పుంజు, పొట్టెమ్మ అనే కోడిపెట్ట కాపురం ఉండేవి. గోడ మీద ఒక కాకి కూడా ఉండేది. దానికి ఆ దొడ్డిలో ఏ పనీ లేదు గానీ, అందరి పనుల్లోనూ దాని సలహా ఉండేది.

పాక వసారాలో మాత్రం ఒక దొర ఉన్నాడు. ఒళ్లంతా తెల్లగా ఉండే పుంజు కాబట్టి సేతువ అని పేరు. కాలికి తాడు, తాడుకు గూటం. పొద్దున నానబెట్టి తరిగిన బాదంపప్పు, మధ్యాహ్నం ఉడికిన గుడ్డు, సాయంత్రం మేక కైమా. అబ్బులు అనే మనిషికి అతన్ని మేపడమే ఉద్యోగం. గోరువెచ్చటి నీళ్లతో ఒళ్లు తుడిచి, రెక్కలు నిమిరి, కన్నబిడ్డను చూసినట్టు చూసేవాడు.

ఆ యేడు తోట ఆసామి ధాన్యాన్ని కళ్లంలోనే లారీకి ఎత్తేశాడు. దొడ్డికి గడ్డి వచ్చింది గానీ గింజ రాలేదు. పొట్టెమ్మకు ఏడుగురు పిల్లలు. ఆరుగురు ఎలాగో నెట్టుకొస్తున్నారు. ఆఖరిది మాత్రం నాలుగడుగులు వేసి కూలబడిపోతోంది. పొట్టెమ్మ పొద్దస్తమానం మట్టి గీకి గీకి, గోళ్లు అరగదీసుకుని, దానికి ఒక చీమను తెచ్చి పెట్టింది. అది చీమను మింగే ఓపిక లేక కళ్లు మూసుకుంది.

గోడ మీంచి కాకి చూసింది.

"మరదలా, ఎందుకే ఆ అవస్థ? వసారాలో బాదంపప్పులున్నాయిగా."

"అవి సేతువ దొరగారివి బావా. నాకెందుకు పెడతారు?"

"పెట్టమని ఎవరన్నారు? తీసుకుందాం. ఒక్క మాట చెప్పు, పాలిచ్చేదెవరు?"

"గేదె పెద్దమ్మ."

"గుడ్లు పెట్టేదెవరు?"

"నేనే."

"ఊరిని లేపేది?"

"ఒంటికన్ను తాత."

"మరి ఆ తెల్లదొర చేసేదేంటి? తినడం, మెడ నిక్కించుకుని నిలబడడం. అర్హత లేనివాడి సొమ్ము తీస్తే దొంగతనం కాదే పిచ్చిదానా. దాన్ని సర్దుబాటు అంటారు."

గేదె నెమరు ఆపింది. "సర్దుబాటంటే ఇద్దరూ ఒప్పుకోవాలి కదరా. ఆ సేతువను అడిగారా?"

"అడిగితే ఇస్తాడా పెద్దమ్మా?"

"అడగకుండానే ఇవ్వడని ఎలా తెలిసింది నీకు?" అని గేదె మళ్లీ నెమరులో పడింది.

పొట్టెమ్మకు గేదె మాటే సబబు అనిపించింది. కానీ ఆఖరి పిల్ల కళ్లు తెరవడం లేదు. "ఎలాగో చెప్పు బావా" అంది.

ఉపాయం తేలికే. అబ్బులుకు బీడీ లేనిదే పొద్దు గడవదు. అతను గిన్నె పెట్టి వెనక్కి తిరగ్గానే కాకి అరుగు మీది బీడీకట్ట ఎత్తుకుపోయి కొబ్బరిచెట్టు మొవ్వులో పెడుతుంది. అబ్బులు తిట్టుకుంటూ చెట్టెక్కి దిగేలోపు గిన్నె ఖాళీ చెయ్యాలి. సగం పొట్టెమ్మ పిల్లలకి, సగం కాకికి.

"సగమా?" అంది పొట్టెమ్మ.

"ఉపాయం నాది కదే" అంది కాకి.

మొదటిరోజు పొట్టెమ్మ అటూ ఇటూ చూస్తూ గిన్నెలో ముక్కు పెట్టింది. సేతువ ఆమెను చూశాడు. అరవలేదు, పొడవలేదు. తాడు ఈడ్చుకుంటూ వెనక్కి జరిగి గోడవైపు తిరిగాడు. 'చూశావా పొగరు, నేను ముట్టుకున్న గిన్నె దగ్గర నిలబడడం కూడా నామోషీ' అనుకుంది పొట్టెమ్మ. అలా అనుకున్నాక అటూ ఇటూ చూడడం మానేసింది.

నాలుగు రోజుల్లో ఆఖరి పిల్ల లేచి పరుగెత్తింది. పది రోజుల్లో అన్నల్ని పొడవడం మొదలుపెట్టింది. విచిత్రమేమంటే, ఆ బాదంపప్పులు తింటున్నకొద్దీ పొట్టెమ్మకు సేతువలో కొత్త తప్పులు కనపడసాగాయి. మొదట్లో సోమరి అంది. తర్వాత అహంకారి అంది. ఆ తర్వాత, వాడి నడక చూస్తేనే తెలుస్తోంది వంశం మంచిది కాదని అంది. పాపం, తిన్న ప్రతి పప్పుకూ ఒక కారణం కావాల్సి వచ్చింది మన పొట్టెమ్మకి.

ఒకరోజు ఆసామి వచ్చాడు. అబ్బులు సేతువను రెండు చేతులా ఎత్తి చూపించాడు.

"కండ జారిపోతోందండీ. ఏం పెట్టినా ఒంటికి పట్టడం లేదు."

"ఇంకా ఆరు రోజులుంది. బాగా మేపు. ఈసారి కత్తి కట్టేది వీడికే" అని ఆసామి వెళ్లిపోయాడు.

పొట్టెమ్మ ఆ దొడ్డికి వచ్చి ఏడాది కాలేదు. గేదె దగ్గరికి వెళ్లింది.

"పెద్దమ్మా, కత్తేంటి?"

గేదె ఒంటికన్ను పుంజు వైపు చూసింది. "ఏటా ఒకణ్ణి అలాగే మేపుతారమ్మా. పందెంరోజు కాలికి కత్తి కట్టి బరిలోకి వదులుతారు. అవతల ఇంకొకడికీ కడతారు. వెళ్లినవాళ్లలో తిరిగొచ్చింది ఒక్కడే, ఆ ఒంటికన్నువాడు. నీరసంగా ఉన్నవాడైతే మొదటి దెబ్బకే..." అని ఆగిపోయింది.

పొట్టెమ్మ ఆ మర్నాడు కాకితో చెప్పకుండా, ఉదయం దాచిన పప్పు ఒకటి ముక్కున కరుచుకుని వసారాలోకి వెళ్లింది. దాన్ని సేతువ ముందు పెట్టింది.

"తిను బాబూ. నీ తిండంతా నేనే తినేశాను. నువ్వు బలంగా ఉండాలి."

సేతువ పప్పును కాలితో వెనక్కి నెట్టాడు. "తీసుకెళ్లు వదినా. నీ పుణ్యమా అని చిక్కాను, ఇప్పుడు చెడగొట్టకు."

"అదేంటి?"

"నేను తినకపోతే అబ్బులు నోరు తెరిచి కుక్కుతాడు. గిన్నె ఖాళీగా ఉంటే తిన్నాననుకుంటాడు. ఎవరైనా వచ్చి ఖాళీ చేస్తే బాగుండునని ఎదురుచూస్తుంటే నువ్వొచ్చావు. అందుకే నీకు దారిచ్చి వెనక్కి జరిగాను. బాగా చిక్కిపోతే కత్తి కట్టరు."

"మరి కూర వండేస్తే?"

"వండనీ. అవతలివాడికి కూడా నాలాగే బాదంపప్పు పెట్టి ఉంటారు. వాడూ నాలాగే గోడకేసి చూస్తూ ఉండి ఉంటాడు. వాణ్ణి నేనెందుకు చంపాలి?"

పొట్టెమ్మకు తల ఎత్తబుద్ధి కాలేదు. "నిన్ను నానా మాటలూ అన్నాను. పనికిమాలినవాడివన్నాను."

"అది నిజమే కదా. బాదంపప్పు తినడం ఒక పనా?" అని నవ్వాడు సేతువ. "ఒక్కటే బాధ వదినా. పిల్లలు ఆకలితో ఉన్నారని నువ్వు మొదటిరోజే చెప్పి ఉంటే, గిన్నె నేనే నెట్టేవాణ్ణి. నువ్వు నాతో మాట్లాడతావేమోనని రోజూ చూశాను."

పొట్టెమ్మ ఏడ్చేసింది. తర్వాత ముక్కు తుడుచుకుని పనిలోకి దిగింది. మిగిలింది ఐదు రోజులే. బాదం ఒక్కటి పోతే చాలదు, గుడ్డూ కైమా కూడా పోవాలి. గుడ్డు తినడం పొట్టెమ్మ ఇంటావంటా లేదు. కాకి దగ్గరికి వెళ్లింది.

"బావా, నా పిల్లలకు అరగడం లేదు. ఇక మూడు పూటలా గిన్నె నీదే."

"అంతానా?"

"ఉపాయం నీది కదా."

కాకి పొంగిపోయింది. మూడు పూటలా బీడీకట్ట చెట్టెక్కింది, మూడు పూటలా అబ్బులూ ఎక్కాడు. ఐదోరోజు సాయంత్రానికి కాకి పొట్ట నేలకు తగులుతోంది. కైమా ఆఖరి ముక్క మింగుతుండగా అబ్బులు చెట్టు దిగి వచ్చేశాడు. కాకి ఎగరబోయింది. ఒళ్లు లేవలేదు. అబ్బులు తువ్వాలు విసిరిన విసురుకు తోక ఈకలన్నీ వసారాలోనే ఉండిపోయాయి.

మర్నాడు ఆసామి వచ్చి సేతువను ఎత్తి చూశాడు. "ఇది పుంజా, విసనకర్రా? దీనికి కత్తి కడితే ఊరు నవ్వుతుంది. కూరకైనా పనికొస్తుందా?"

అబ్బులు పుంజును గుండెకు అదుముకున్నాడు. "జాతి పుంజండీ. దొడ్డిలో పెట్టలకు వదిలేద్దాం. పిల్లలు బలంగా పుడతాయి."

ఆసామికి వేరే పుంజును మేపే వ్యవధి లేదు. సరేనని వెళ్లాడు. అబ్బులు తాడు కోసేశాడు.

సేతువ దొడ్డిలోకి దిగాడు గానీ, మట్టి గీకడం చేతకాలేదు. పుట్టాక గీకితే కదా. ఆఖరి పిల్ల ముందు నిలబడి, "ఇలా మావయ్యా, కుడికాలు, తర్వాత ఎడమకాలు" అని చూపించింది. మధ్యాహ్నం దాకా తంటాలు పడి ఒక వానపామును బయటికి లాగాడు. లాగి, తను తినకుండా పిల్లల్ని పిలిచాడు.

గోడ మీంచి తోకలేని కాకి గొంతు సవరించుకుంది. "మరదలా, అందులో సగం నాదే."

"ఆ పురుగు కోసం నువ్వేం చేశావు బావా?" అంది పొట్టెమ్మ.

కాకి లేని తోకను విదిలించబోయి ఆగింది.

"అయితే నీ వాటా నా పిల్లలకు సర్దుబాటు చేశాను. దొంగతనమని మాత్రం అనుకోకేం" అంది పొట్టెమ్మ. అన్నదే గానీ, తోకలేని ఆ వాలకం చూసి మనసొప్పలేదు. ఒక ముక్క తుంచి గోడవైపు విసిరింది. "ఆకలేస్తే ఆకలని చెప్పు బావా, వాటా అనకు."

ఆకలైనప్పుడు నోరు తెరిచి అడగాలి గానీ, ఎదుటివాడి అర్హతను తూస్తూ కూర్చోకూడదు.