తీగ మీద వచ్చిన వరద

ఒకానొక ఏటిగట్టు రాజ్యాన్ని గజసింహ భూపతి ఏలుతుండేవాడు. అతనికి నలభై రెండు బిరుదులు. ఎంత తొందర కబురైనా సరే, బిరుదులన్నీ చదివాకే చెప్పాలని కొలువులో కట్టడి. కిందటేడు వరద కబురు తెచ్చిన రౌతు ఇరవయ్యో బిరుదు దగ్గరుండగానే కంసాలివీధి మునిగింది. ఆ వీధి కోడలు కాళికమ్మ అత్తగారు ఆ నీళ్ళలోనే పోయింది.

కాళికమ్మ ఊరుకోలేదు. వీధిలోని రాగిబిందెలన్నీ కరిగించి, కమ్మచ్చు చిల్లుల్లోంచి సన్నగా లాగి, ఎగువ ఆనకట్ట నుంచి కోటదాకా తీగ వేయించింది. అక్కడ మీట నొక్కితే ఇక్కడ ముల్లు టిక్కుమంటుంది. ఒక్కో అక్షరానికి ఇన్ని టిక్కులని లెక్క.

"ప్రభూ, కొండలదాకా వేస్తే వరద ఇంకా ముందే తెలుస్తుంది. ఖజానా సొమ్ము ఇప్పించండి. మా బిందెలు అయిపోయాయి" అంది కొలువులో.

దివాను ఇకిలించాడు. "నీ తీగకి ప్రభువులవారి బిరుదులు వచ్చునా?"

"వచ్చునండీ. కాకపోతే ఒక పూట పడుతుంది."

రాజు మీసం దువ్వాడు. "రేపు పొద్దున్నే ఆనకట్ట దగ్గర నీరు చూసి నా రౌతు బయల్దేరుతాడు. వాడికన్నా ముందు నీ కబురు రావాలి. కరణం రాసుకుంటాడు. ఒక్క బిరుదు తగ్గినా తీగ పీకించేస్తా!"

కాళికమ్మ "చిత్తం" అని, తిన్నగా ఆనకట్టకు నడిచి, మీట దగ్గరుండే ఆడపడుచు చెవిలో ఒక మాట వేసి వచ్చింది.

తెల్లవారింది. ముల్లు కాసేపు టిక్కుమని ఆగింది. కరణం చదివాడు: "నీరు మూడు మూరలు పెరిగింది. వీధి ఖాళీ చేయించండి."

"బిరుదులేవీ?" దివాను గంతేశాడు.

"నిన్న సాయంత్రానికే వచ్చేశాయండీ," అంది కాళికమ్మ. " నలభై రెండూ కరణంగారు రాసుకున్నారు."

"నిన్నటివి ఇవాళెలా చెల్లుతాయే?"

కాళికమ్మ రాజువైపు తిరిగి చేతులు జోడించింది. "ప్రభూ, తమ బిరుదులు తెల్లారేసరికి చెల్లకుండా పోతాయంటున్నారు దివానుగారు. నిజమేనాండీ?"

రాజు దివానును ఎగాదిగా చూసి, "దండోరా వేయించండి!" అని గర్జించాడు.

జనం చంటిపిల్లలతో, మూటలతో కోటమెట్లు ఎక్కుతుండగా రౌతు రొప్పుతూ వచ్చి మోకరిల్లాడు. "రాజాధిరాజ, రిపుగజకేసరి..."

రాజు పగలబడి నవ్వాడు. "ఆ నీళ్ళ సంగతి తెలిసిందిలేరా, ముందు ఊపిరి పీల్చుకో! అమ్మా కాళికమ్మా, కొండలదాకా తీగ ఖర్చు ఖజానాదే. మీ వీధిలో ఇంటికో రాగిబిందె నేనిస్తా."

మధ్యాహ్నానికి ఏరు కంసాలివీధిలోకి వచ్చింది. గడపగడపా దాటి లోపలికి వెళ్ళింది. ఒక్క ఇంట్లోనూ ఎవరూ లేరు.